గీడోకు జీతం మైక్రోసాఫ్ట్ ఇస్తే పైథాన్ మైక్రోసాఫ్ట్‌దైపోతుందా?

ప్రశ్న క్లుప్తంగా ఇది: పైథాన్ అనే ప్రోగ్రామింగ్ భాష సృష్టికర్త గీడో వాన్ రోసమ్ 2020 నవంబరులో మైక్రోసాఫ్ట్‌లో చేరారు. అంతకుముందు డ్రాప్‌బాక్స్, దానికి ముందు గూగుల్. ఓపెన్ సోర్స్ (కోడ్ అందరికీ తెరిచి ఉండే) భాషలను పుట్టించినవాళ్లు పెద్ద కంపెనీల జీతం మీద బతుకుతుంటే ఆ భాషలు మెల్లగా కంపెనీల గుప్పిట్లోకి పోవా? పదేళ్లు నడవాల్సిన ప్రాజెక్టుకు భాష ఎంచుకునేటప్పుడు దీన్ని ఎలా లెక్కలోకి తీసుకోవాలి?

సృష్టికర్త మెడలో ఏ కంపెనీ ఐడీ కార్డు వేలాడుతోందన్నది చాలా తక్కువ సంగతి. భాష పేరు మీద హక్కు ఎవరిది, కొత్త ఫీచరుకు సరే అనేది ఎవరు, ఇతరులు పంపిన కోడ్‌ను రోజూ రివ్యూ చేసేవాళ్ల జీతం ఎక్కణ్నుంచి వస్తోంది, ఈ మూడూ చూడండి. నాలుగోది జనం అడగడం మర్చిపోతారు: ఆ జీతం రేపు ఆగిపోతే పని ఎవరు చేస్తారు? కంపెనీ వచ్చి భాషను లాక్కున్న సందర్భాలు వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. కంపెనీ లేచి వెళ్లిపోతే పని ఆగిన సందర్భాలు అంతకంటే ఎక్కువ.

పైథాన్ లింకు డాక్యుమెంట్లు

గీడో యజమాని మారడం కొత్తేం కాదు. పైథాన్ పని మొదలైంది 1989 డిసెంబరులో, ఆమ్‌స్టర్‌డామ్‌లోని సీడబ్ల్యూఐ అనే పరిశోధన సంస్థలో. 1995లో ఆయన అమెరికాలో వర్జీనియాలోని సీఎన్ఆర్ఐకి వెళ్లారు. 2000లో బీఓపెన్ అనే స్టార్టప్‌కు, కొన్ని నెలలకే డిజిటల్ క్రియేషన్స్‌కు (తర్వాత దాని పేరు జోప్ కార్పొరేషన్) మారారు. ఈ మార్పులు భాషకు ఏం చేశాయో చూడాలంటే సీపైథాన్ (పైథాన్ కోడ్‌ను నడిపే అధికారిక ప్రోగ్రాము) సోర్సు దించుకుని లైసెన్స్ ఫైలు తెరవండి. ప్లాటు కొనేటప్పుడు లింకు డాక్యుమెంట్లు చూసినట్టే ఉంటుంది. పైన ఒక పట్టిక: ఏ వెర్షన్, దేన్నుంచి వచ్చింది, ఏ సంవత్సరం, ఓనర్ ఎవరు, జీపీఎల్‌తో (మార్చి పంచేవాళ్లు తమ కోడ్‌నూ తెరిచే ఉంచాలనే లైసెన్స్) పొసగుతుందా లేదా. దాని కింద ఒకదాని వెనక ఒకటి పైథాన్ సాఫ్ట్‌వేర్ ఫౌండేషన్, బీఓపెన్, సీఎన్ఆర్ఐ, సీడబ్ల్యూఐ లైసెన్సులు. ఇన్నేళ్లయినా ఒక్కటీ తీసేయలేదు, తీసేసే వీలూ లేదు.

ఆ పట్టికలో 1.6, 2.0, 2.1 వెర్షన్ల ఎదురుగా జీపీఎల్ గడిలో 'కాదు' అని కనిపిస్తుంది. కారణం చిన్నదే. గీడో వెళ్లిపోయే సమయంలో 1.6 విడుదలకు సీఎన్ఆర్ఐ కొత్త లైసెన్స్ రాయించింది. వివాదం వస్తే వర్జీనియా రాష్ట్ర చట్టం వర్తిస్తుందని అందులో ఒక షరతు చేర్చింది. ఆ షరతు జీపీఎల్‌తో కుదరదని, జీపీఎల్‌ను రాసిన ఫ్రీ సాఫ్ట్‌వేర్ ఫౌండేషన్ తేల్చింది. దాంతో జీపీఎల్ ప్రోగ్రాముల్లో పైథాన్‌ను కలుపుకున్నవాళ్లకు కొత్త వెర్షన్‌కు దారి మూసుకుపోయింది. 2001లో 1.6.1, 2.0.1 విడుదలలతో గానీ చిక్కు వీడలేదు. సృష్టికర్త ఉద్యోగం భాషను నిజంగా ఇరుకున పెట్టింది అప్పుడే. ఎందుకంటే అప్పటికి హక్కులు ఉద్యోగమిచ్చిన సంస్థ పేరు మీదే ఉండేవి.

2001 మార్చిలో పైథాన్ సాఫ్ట్‌వేర్ ఫౌండేషన్ పెట్టింది ఈ తలనొప్పి మళ్లీ రాకూడదనే. ఆ తర్వాత గీడో గూగుల్‌కు (2005), డ్రాప్‌బాక్స్‌కు (2013), మైక్రోసాఫ్ట్‌కు మారినా దస్తావేజు కదలలేదు. పైథాన్ ట్రేడ్‌మార్క్ ఫౌండేషన్‌ది. కోడ్ పంపేవాళ్లు తమ కాపీరైట్‌ను ఎవరికీ రాసివ్వరు, వాడుకునే అనుమతి మాత్రం ఫౌండేషన్‌కు ఇస్తారు. కాబట్టి ఏ ఒక్క కంపెనీ రేపు పొద్దున లైసెన్స్ మార్చేయలేదు.

సృష్టికర్త ఆఫీసులో ఉంటే అన్నీ జరిగిపోతాయా?

గూగుల్‌లో గీడోకు సగం పనివేళ పైథాన్‌కే కేటాయించారు. అదే కాలంలో, 2009లో, గూగుల్ ఇంజనీర్లు అన్‌లేడెన్ స్వాలో అనే ప్రాజెక్టు మొదలుపెట్టారు. ఎల్ఎల్‌వీఎం అనే కంపైలర్ల సామగ్రి ఆధారంగా జిట్ కంపైలర్ (ప్రోగ్రాము నడుస్తుండగానే దాన్ని యంత్రభాషలోకి మార్చేది) తెచ్చి పైథాన్‌ను 5 రెట్లు వేగం చేయాలన్నది లక్ష్యం. దాన్ని ప్రధాన కోడ్‌లో కలపాలని పెప్ 3146 రాశారు. (పెప్ అంటే పైథాన్‌లో మార్పు కోరుతూ పెట్టే ప్రతిపాదన పత్రం.) వేగం అనుకున్నంత రాలేదు, మెమరీ వాడకం పెరిగింది, గూగుల్ లోపల కూడా దాన్ని గట్టిగా కోరుకున్న టీములు లేవు. పెప్ వెనక్కి తీసుకున్నారు. భాషకు సర్వాధికారి అనిపించుకున్న మనిషి అదే కంపెనీలో కూర్చుని ఉన్నా ఆ కోడ్ పైథాన్‌లోకి రాలేదు. డ్రాప్‌బాక్స్ 2014లో మొదలుపెట్టిన పిస్టన్ అనే జిట్ ప్రాజెక్టుదీ ఇంచుమించు ఇదే కథ. 2017లో కంపెనీ దానికి డబ్బు ఆపేసింది.

ప్రభావం లేదని కాదు, అది వచ్చే దారి వేరు. ఎవరి కాలికి ముల్లు గుచ్చుకుంటే వాళ్లు ఆ ముల్లు తీసుకోవడానికి మనిషిని పెడతారు. డ్రాప్‌బాక్స్‌కు లక్షల లైన్ల పైథాన్ ఉంది, చదివి అర్థం చేసుకోవడం కష్టమైపోయింది. మైపై అనే టైప్ చెకర్‌కు (ఏ విలువ ఏ రకమో సరిచూసే టూల్) ఆ కంపెనీ జీతాలిచ్చింది. గీడో, యుక్కా లేటోసాలో, ఉకాష్ లంగా రాసిన పెప్ 484 ద్వారా టైప్ హింట్స్ (ఏ పేరులో ఏ రకం విలువ ఉంటుందో కోడ్‌లో రాసే సూచనలు) 2015లో 3.5 వెర్షన్‌లోకి వచ్చాయి. 2019 నాటికి డ్రాప్‌బాక్స్ 40 లక్షల లైన్లను మైపైతో తనిఖీ చేస్తోంది. ఫేస్‌బుక్ పైర్, గూగుల్ పైటైప్, మైక్రోసాఫ్ట్ పైరైట్ కూడా ఇలాంటి చెకర్లే. రెండొందల లైన్ల స్క్రిప్టు రాసుకునేవాడికి టైప్ హింట్స్ లేని లోటు ఎప్పుడూ లేదు. ఇది పెద్ద కోడ్‌బేసుల నొప్పి, భాషలోకి ఆ దారినే వచ్చింది. అయితే హింట్స్‌ను తప్పనిసరి చేసే ఉద్దేశం ఎప్పటికీ లేదని పెప్ 484లోనే రాసి పెట్టారు. గీడో పేరు పనికొచ్చింది అక్కడే అంటాను.

మెటా నుంచి వచ్చిన పెప్ 683 ఇంకా స్పష్టమైన ఉదాహరణ. ఇన్‌స్టాగ్రామ్ సర్వర్లు ముందుగా ఒక ప్రాసెస్‌ను లోడ్ చేసి, దాన్నుంచి చాలా వర్కర్ ప్రాసెస్‌లను ఫోర్క్ చేస్తాయి (నకళ్లుగా విడదీస్తాయి). రాయనంత వరకు మెమరీ పేజీలన్నీ పంచుకోవచ్చు. కానీ పైథాన్‌లో 'నన్', 'ట్రూ' లాంటి వస్తువును ముట్టుకున్నా రెఫరెన్స్ కౌంట్ (దాన్ని ఎన్ని చోట్ల వాడుతున్నారన్న లెక్క) మారుతుంది, అంటే ఆ పేజీలో రాసినట్టే. వెంటనే కెర్నల్ (ఆపరేటింగ్ సిస్టమ్ గుండెకాయ) ఆ పేజీకి కాపీ తీస్తుంది, ఆదా అనుకున్న మెమరీ పోతుంది. అందుకే కౌంట్ ఎప్పటికీ మారని 'చావులేని' వస్తువులను ప్రతిపాదించారు. ఉన్నదున్నట్టు పెడితే అందరి పైథాన్ సుమారు 4 శాతం నెమ్మదిస్తుందని తేలింది. ఒక కంపెనీ మెమరీ బిల్లు కోసం మిగతా ప్రపంచం 4 శాతం ఎందుకు కట్టాలన్న ప్రశ్న సహజం. ఆ నష్టాన్ని దాదాపు సున్నాకు తెచ్చాకే 3.12లోకి వచ్చింది. కంపెనీ ఫీచరు మంచిదా చెడ్డదా అని కొట్టుకోవడం కంటే దాని ఖర్చును ఎవరు కొలిచారు, ఎవరి మీద వేశారు అని అడగడం మేలు.

దీనికి రెండో ముఖం కూడా చూడాలి. ఏ కంపెనీకీ నొప్పి లేని మూలలకు ఎవరూ రారు. పెప్ 594 కింద 3.13లో 19 పాత మాడ్యూళ్లు తీసేశారు, వాటిలో సీజీఐ (వెబ్ సర్వరు నుంచి స్క్రిప్టులు నడిపే పాత పద్ధతి), టెల్‌నెట్‌లిబ్ ఉన్నాయి. నిర్వహించేవాళ్లు లేరన్నది కారణాల్లో ఒకటి. నిజమే. షేర్డ్ హోస్టింగ్ మీద సీజీఐ స్క్రిప్టు నడుపుకునే చిన్న సైటువాడి తరఫున జీతం తీసుకుని కూర్చునేవాళ్లు ఎవరుంటారు?

ఒక ఏప్రిల్‌లో జరిగింది

ఫీచరుకు సరే చెప్పే అధికారం ఎవరి చేతిలో ఉందన్నది 2021 ఏప్రిల్‌లో తేలింది. పెప్ 563 ప్రకారం టైప్ అనొటేషన్లన్నీ (కోడ్‌లో రాసిన టైప్ హింట్స్) రన్‌టైమ్‌లో, అంటే ప్రోగ్రాము నడిచేటప్పుడు, స్ట్రింగులుగా (ఉత్త అక్షరాలుగా) మారిపోవాలి, 3.10 నుంచి ఇదే డిఫాల్ట్ కావాలి. కోడ్‌ను నడపకుండా తనిఖీ చేసే టైప్ చెకర్లకు దీనితో ఇబ్బందేం లేదు. కానీ పైడాంటిక్, ఫాస్ట్ఏపీఐ లాంటి లైబ్రరీలు అనొటేషన్లను రన్‌టైమ్‌లో చదివి డేటాను తనిఖీ చేస్తాయి. స్ట్రింగును తిరిగి అసలు టైపుగా మార్చాలంటే ఆ పేరు ఏ స్కోపులో (కోడ్‌లో ఆ పేరు చెల్లే పరిధిలో) ఉందో తెలియాలి. క్లాసును ఒక ఫంక్షన్ లోపల నిర్వచించి ఉంటే ఆ ఫంక్షన్ ముగిశాక ఆ స్కోపే ఉండదు, పేరు దొరకదు. ఫీచర్ ఫ్రీజ్‌కు (కొత్త ఫీచర్లు తీసుకోవడం ఆపే గడువుకు) రెండు మూడు వారాల ముందు పైడాంటిక్ వైపు నుంచి ఈ అభ్యంతరం గట్టిగా వచ్చింది. పైథాన్ నిర్ణయాలు తీసుకునే స్టీరింగ్ కౌన్సిల్ ఆ మార్పును వాయిదా వేసింది. చివరికి వేరే పద్ధతి, పెప్ 649, 3.14లో డిఫాల్ట్ అయింది. వెనక పెద్ద కంపెనీ లేని లైబ్రరీ అభ్యంతరానికి, అప్పటికే ఆమోదించిన పెప్ ఆగింది. తలుపు తట్టడానికి ఒక చోటు, తీసే మనిషి ఉండటం వల్లే.

ఆ స్టీరింగ్ కౌన్సిల్ ఎలా వచ్చిందంటే, పెప్ 572 (':=' అనే కొత్త గుర్తు) గొడవ తర్వాత 2018 జూలైలో గీడో అధికారం నుంచి తప్పుకున్నారు. ఆ ఏడాది చివర కోర్ డెవలపర్లు ఓటేసి ఐదుగురి కౌన్సిల్ పద్ధతిని ఎంచుకున్నారు. నిబంధనలు పెప్ 13లో ఉన్నాయి. మీరు అడిగిన ప్రశ్నకు సూటి జవాబు అందులోనే ఉంది: ఒకే యజమాని దగ్గర పనిచేసేవాళ్లు కౌన్సిల్‌లో ఇద్దరికి మించకూడదు. ఎన్నికల్లో మొదటి ఐదుగురిలో ముగ్గురు ఒకే కంపెనీవాళ్లయితే వాళ్లలో అందరికంటే వెనకున్నవారిని తప్పించి ఆరో అభ్యర్థిని పైకి తెస్తారు. మధ్యలో ఎవరైనా ఉద్యోగం మారి లెక్క తప్పితే ఎవరో ఒకరు రాజీనామా చేయాల్సిందే. ఏ భాష గవర్నెన్స్ పత్రంలోనైనా నేను మొదట వెతికే వాక్యం ఇదే. ఇది లేకపోతే మిగతా పత్రమంతా మర్యాద మాటలు.

ఒకటికి మించి కంపెనీలు ఉండటం ఎందుకు మంచిదో గిల్ (ఒకేసారి ఒక్క థ్రెడ్‌నే పైథాన్ కోడ్ నడపనిచ్చే తాళం) తొలగింపు చూస్తే తెలుస్తుంది. పెప్ 703ను ముందుకు తెచ్చిన సామ్ గ్రాస్ మెటాలో పనిచేస్తారు. ఆమోదిస్తే 2025 చివరి వరకు మూడు ఇంజనీరు-సంవత్సరాల శ్రమ ఇస్తామని మెటా రాతపూర్వకంగా చెప్పింది. మరోవైపు మైక్రోసాఫ్ట్ డబ్బుతో నడిచిన ఫాస్టర్ సీపైథాన్ టీము ఇంటర్‌ప్రెటర్‌ను వేగం చేస్తోంది, గిల్ తీస్తే ఆ పని దెబ్బతింటుంది. రెండు కంపెనీల ఇంజనీర్లు బాహాటంగా లెక్కలు చూపించి వాదించుకున్నారు. కౌన్సిల్ 2023లో షరతులతో ఒప్పుకుంది: దశలవారీగా రావాలి, కుదరకపోతే వెనక్కి తీసే వీలుండాలి. 3.13లో గిల్ లేని బిల్డ్ సింగిల్ థ్రెడ్ కోడ్‌ను దాదాపు 40 శాతం నెమ్మదింపజేసింది, ఎందుకంటే స్పెషలైజింగ్ ఇంటర్‌ప్రెటర్‌ను (తరచూ వచ్చే పనులకు వేగమైన దారి వాడే భాగాన్ని) అందులో ఆపేయాల్సి వచ్చింది. 3.14కు ఆ నష్టం 5 నుంచి 10 శాతానికి దిగింది. ఒకే కంపెనీ అయితే ఈ తగువు మూసిన తలుపుల వెనక తేలిపోయేది, ఖర్చు మనకు తర్వాత తెలిసేది.

వెళ్లిపోతే

ఫాస్టర్ సీపైథాన్ టీము పని 3.11లోనే కనిపించింది, ప్రామాణిక బెంచ్‌మార్కుల్లో సగటున 1.25 రెట్లు వేగం. 2025 మేలో మైక్రోసాఫ్ట్ వేలమందిని తీసేసినప్పుడు ఆ టీములోని కోర్ డెవలపర్లూ ఉన్నారు. పైథాన్ ఆగలేదు, 3.14 అనుకున్న నెలలోనే, అక్టోబరులో వచ్చింది. వేగం పనికి మాత్రం పూర్తికాలపు చేతులు తగ్గాయి. సృష్టికర్తను కంపెనీ తీసుకుందన్న రోజు గోల చేసినవాళ్లు నిజానికి ఈ తొలగింపుల రోజున చేయాల్సింది.

పీహెచ్‌పీకి ఇది ముందే అనుభవంలోకి వచ్చింది. నికితా పొపొవ్ ఆ భాష సృష్టికర్త కాకపోయినా 2019 నుంచి జెట్‌బ్రెయిన్స్ జీతంతో అందులో సింహభాగం పని చేశారు. 2021 చివర ఆయన ఎల్ఎల్‌వీఎం వైపు వెళ్తానన్నారు. ఇద్దరు ముగ్గురు తప్పుకుంటే ఇంజిన్ లోపలి సంగతులు తెలిసినవాళ్లే ఉండరన్న చర్చ అంతకు కొన్ని నెలల ముందే నడిచింది. జెట్‌బ్రెయిన్స్ మరో మనిషిని పెట్టి ఊరుకోలేదు. మరికొన్ని కంపెనీలతో కలిసి 2021 నవంబరులో పీహెచ్‌పీ ఫౌండేషన్ ప్రకటించింది, తన వంతుగా ఏటా లక్ష డాలర్లు ఇస్తానంది. ఒక జీతాన్ని పదిమంది చందాగా మార్చడం ఇదే. రస్ట్‌దీ ఇదే దారి. 2020 ఆగస్టులో ఆ భాషను పెంచిన మొజిల్లా సుమారు 250 మందిని తీసేసింది, 2021 ఫిబ్రవరిలో ఐదు కంపెనీలతో రస్ట్ ఫౌండేషన్ వచ్చింది.

పేరు ఎవరిదైతే

పేరు మీద హక్కు ఎంత బలమైనదో జావా వాడేవాళ్లకు చెప్పాల్సిన పని లేదు. జావా సృష్టికర్త జేమ్స్ గోస్లింగ్ 2010 ఏప్రిల్‌లోనే, జావా హక్కులున్న ఒరాకిల్‌ను వదిలేశారు. సృష్టికర్త లేడు, పట్టు ఎక్కడికీ పోలేదు. 2017లో జావా ఈఈని (పెద్ద సర్వర్ అప్లికేషన్ల కోసం జావా మీద కట్టిన వేదిక) ఎక్లిప్స్ ఫౌండేషన్‌కు అప్పగిస్తున్నట్టు ఒరాకిల్ ప్రకటించింది. కోడ్ ఇచ్చింది, పేరు ఇవ్వలేదు. ఆ వేదిక పేరు జకార్తా ఈఈగా మారింది. 'జావాఎక్స్' అనే ప్యాకేజీ పేరును ఇకపై మార్పులు చేస్తూ వాడుకునే వీలు లేదని 2019 మేలో తేలిపోయింది. చెట్టు పేరు చెప్పి కాయలు అమ్ముకోవచ్చు గానీ, చెట్టు పేరే వాడకూడదంటే? 2020 చివర జకార్తా ఈఈ 9లో ఆ ప్యాకేజీలన్నిటి పేర్లూ మార్చారు.

హైదరాబాద్‌లో జావా సర్వీసులు చూసుకునే టీములకు ఇది స్ప్రింగ్ బూట్ (జావా సర్వీసులు కట్టే చట్రం) 2 నుంచి 3కు మారే టికెట్ రూపంలో వచ్చి ఉంటుంది. అక్కడ అందరూ చేసే తప్పు, 'జావాఎక్స్ డాట్' కనిపించిన ప్రతిచోటా 'జకార్తా డాట్' అని ఫైండ్ అండ్ రీప్లేస్ చేయడం. సర్వ్‌లెట్, పర్సిస్టెన్స్, వాలిడేషన్ మారాలి. ఎస్‌క్యూఎల్, క్రిప్టో, నెట్ మారకూడదు, అవి జావా సొంత కిట్ అయిన జేడీకేలోనివి. అనొటేషన్ ప్యాకేజీలో పోస్ట్‌కన్‌స్ట్రక్ట్ మారుతుంది, దాని కిందే ఉన్న ప్రాసెసింగ్ మారదు. ట్రాన్సాక్షన్ మారుతుంది, దాని కింద ఎక్స్ఏ మారదు. ఇవి కంపైలర్ పట్టుకుంటుంది. పట్టుకోనిది పాత లైబ్రరీ: జావాఎక్స్ సర్వ్‌లెట్ మీద కంపైలైన జార్‌ను (జావా లైబ్రరీ ఫైలును) టామ్‌క్యాట్ 10 అనే వెబ్ సర్వరులో పెడితే బిల్డ్ పచ్చగా ఉంటుంది, క్లాసు దొరకలేదంటూ రన్‌టైమ్‌లో పడిపోతుంది. సోర్సు లేని జార్లకు టామ్‌క్యాట్‌వాళ్లదే మైగ్రేషన్ టూల్ ఉంది, అది బైట్‌కోడ్‌లోనే పేర్లు మారుస్తుంది. లోకం మొత్తం మీద ఇన్ని పనిగంటలు పోయింది ఒక ట్రేడ్‌మార్క్ కోసం. సాంకేతికంగా ఒక్క లాభం లేదు.

ఆపిల్ భాష స్విఫ్ట్‌లోనూ అంతే. దాని సృష్టికర్త క్రిస్ లాట్నర్ 2017 జనవరిలో ఆపిల్ నుంచి వెళ్లిపోయారు. 2019లో స్విఫ్ట్‌యూఐ (యాప్ తెరలు రాసే సామగ్రి) ప్రకటించిన రోజు, దాని సింటాక్స్‌కు ఆధారమైన ఫంక్షన్ బిల్డర్లు అప్పటికే కంపైలర్‌లో, పేరు ముందు అండర్‌స్కోరుతో ఉన్నాయి. బహిరంగ సమీక్ష ముగిసి రిజల్ట్ బిల్డర్లుగా అధికారికంగా వచ్చింది స్విఫ్ట్ 5.4లో, 2021లో. ఎన్నో యాప్‌లు వాడేశాక ఇక సమీక్షకు మిగిలేదేముంది? కంపెనీకి విడుదల తేదీ ఉన్నచోట సమీక్ష తేదీ వెనకే నడుస్తుంది.

గో భాష విషయంలో ముసుగేమీ లేదు. అది గూగుల్‌లో పుట్టింది, ట్రేడ్‌మార్క్ గూగుల్‌ది, కోడ్ పంపాలంటే గూగుల్ ఒప్పందం మీద సంతకం పెట్టాలి. అయినా జనం మాట పనిచేసింది. 2019లో ఎర్రర్లు చూసే కోడ్‌ను కుదించే 'ట్రై' ప్రతిపాదన వ్యతిరేకత చూసి మూసేశారు. 2023లో టెలిమెట్రీని (వాడకం వివరాలు గూగుల్‌కు పంపడం) డిఫాల్ట్‌గా పెడదామన్నారు, గోల చూసి ఇష్టమైతేనే పంపేలా మార్చారు. 2018లో మాత్రం సముదాయం కట్టుకున్న డెప్ టూల్‌ను (లైబ్రరీలు తెచ్చిపెట్టేది) పక్కనపెట్టి గో టీము తన మాడ్యూల్స్ పద్ధతినే తెచ్చింది. మాట వింటారు, నిర్ణయం మాత్రం వాళ్లది. ఇది తెలిసి వాడితే గో మంచి భాషే.

మీరు ఎలా పరీక్షించాలి

ఒక పూట పెట్టుకోండి. ట్రేడ్‌మార్క్ ఎవరిదో, గవర్నెన్స్ పత్రంలో యజమాని పరిమితి ఉందో లేదో పావుగంటలో తేలుతుంది. మిగతా సమయమంతా రివ్యూల మీద పెట్టండి.

చాలామంది గిట్ షార్ట్‌లాగ్ ఆదేశంతో ఏడాది కమిట్లు (కోడ్‌లో చేర్చిన మార్పులు) తీసి, ఈమెయిల్ డొమైన్ వారీగా లెక్కపెట్టి, 'ఫలానా కంపెనీ 12 శాతమే' అని తేల్చేస్తారు. ఆ లెక్క తప్పు. కోర్ డెవలపర్లు ఎక్కువగా సొంత ఈమెయిల్ వాడతారు, కాబట్టి కంపెనీ వాటా తక్కువ కనిపిస్తుంది. బాట్ల కమిట్లు, పాత బ్రాంచిలకు వేసే బ్యాక్‌పోర్టులు సంఖ్యను ఉబ్బిస్తాయి, అందుకే ప్రధాన బ్రాంచి ఒక్కటే చూడాలి, బాట్లను తీసేయాలి. స్క్వాష్ మెర్జ్ చేసినచోట కమిటర్ స్థానంలో గిట్‌హబ్ పేరే ఉంటుంది, ఎవరు నొక్కారో దాన్నిబట్టి తెలియదు. పైగా అక్షరదోషం సరిచేసిందీ, గార్బేజ్ కలెక్టర్ (వాడని మెమరీని ఖాళీ చేసే భాగం) తిరగరాసిందీ అందులో ఒక్కొక్క కమిటే.

దాని బదులు పార్సర్, ఆబ్జెక్ట్ మోడల్, గార్బేజ్ కలెక్టర్ లాంటి గుండెకాయ డైరెక్టరీల్లో చివరగా మెర్జ్ అయిన 100 పుల్ రిక్వెస్టులు (మార్పు చేర్చమని పెట్టే అర్జీలు) తీసుకోండి. ఒక్కోదానికి మూడు గడులు: రాసింది ఎవరు, ఆమోదించింది ఎవరు, మెర్జ్ చేసింది ఎవరు. ప్రతి పేరు పక్కన యజమానిని ప్రొఫైల్ చూసి రాయండి. మూడు గడుల్లోనూ ఒకే కంపెనీ ఉన్నవి సగం దాటితే, లైసెన్స్ ఏం చెప్పినా అది ఆ కంపెనీ ప్రాజెక్టే అని నేను లెక్కేస్తాను. తర్వాత ఆ కంపెనీ పేరున్న వరుసలన్నీ కొట్టేయండి. కోడ్‌ఓనర్స్ ఫైలులో (ఏ భాగానికి ఎవరు బాధ్యులో రాసేది) ఏ డైరెక్టరీకి ఒక్క పేరూ మిగలలేదో అది మీ బలహీన చోటు. మీ ప్రాజెక్టు సరిగ్గా దాని మీదే ఆధారపడి ఉంటే జాగ్రత్త పడండి.

మౌలిక వసతులు కూడా చూడండి. గీడో జీతం గురించి మాట్లాడేవాళ్లు గమనించనిది: సీపైథాన్ కోడ్ 2017లో గిట్‌హబ్‌కు, ఇష్యూలు 2022లో అక్కడికే వెళ్లాయి. 2018 నుంచి గిట్‌హబ్ మైక్రోసాఫ్ట్‌ది. ఆయన రేపు రాజీనామా చేసినా ఆ అద్దె ఇల్లు అలాగే ఉంటుంది. గోలో 1.13 నుంచి మాడ్యూళ్లు డిఫాల్ట్‌గా గూగుల్ ప్రాక్సీ (మధ్యలో ఉండే సర్వరు) ద్వారానే వస్తాయి. ఆఫీసులో సొంత ప్రాక్సీ పెట్టి గోప్రాక్సీ సెట్టింగును దానికి తిప్పుకోవచ్చు, ప్రైవేటు రిపోల పేర్లను గోప్రైవేట్‌లో పెట్టడం మాత్రం మర్చిపోకండి, లేకపోతే ఆ పేర్లు బయటి చెక్‌సమ్ సర్వరుదాకా వెళ్తాయి.

పదేళ్ల ప్రాజెక్టుకు పైథాన్ తీసుకోవచ్చు, ఈ కోణంలో నాకు అభ్యంతరం లేదు. విడుదలై ఏడాదైన వెర్షన్ ఎంచుకోండి, ఒక్కో వెర్షన్‌కు మొత్తం ఐదేళ్లు సపోర్టు ఉంటుంది కాబట్టి ఇంకా నాలుగేళ్లు మిగులుతాయి. జిట్ మీదా గిల్ లేని బిల్డ్ మీదా వేగం లెక్కలు కట్టి సర్వర్ బడ్జెట్ వేయకండి, ఆ పనులకు జీతాలిచ్చేవాళ్లు మారుతున్నారు. జావా అయితే ఓపెన్‌జేడీకే బిల్డ్ ఇచ్చే సంస్థలు కనీసం రెండింటి మీద టెస్టులు నడిపి ఉంచండి, లైసెన్స్ షరతులు మారిన రోజు మారిపోవడం ఒక మధ్యాహ్నం పని అవుతుంది.

మీ టీములోనే ఒకరిని ఆ భాష మీద పనిచేయనివ్వడం అన్నిటికంటే గట్టి బీమా. వారానికి ఒక రోజు చాలు, ఆ బలహీన చోట రివ్యూలు చేస్తే చాలు. దానికి ముందు ఉద్యోగ ఒప్పందం చూసుకోండి. భారత కాపీరైట్ చట్టం 1957లోని సెక్షన్ 17(సి) ప్రకారం, ఉద్యోగంలో భాగంగా రాసినదానికి, వేరే ఒప్పందం లేకపోతే, మొదటి ఓనర్ యజమానే. అలాంటప్పుడు వ్యక్తిగత సీఎల్ఏ (కోడ్ వాడుకునే అనుమతి ఇచ్చే ఒప్పందం) మీద మీవాడు సంతకం పెట్టేస్తే తనది కానిదానికి అనుమతి ఇచ్చినట్టవుతుంది. కంపెనీ తరఫున కార్పొరేట్ సీఎల్ఏ పెట్టించండి, లేదా ఏ రిపోకు, ఏ లైసెన్స్ కింద, ఎంత పనివేళలో అన్నది లీగల్ నుంచి మెయిల్‌లో రాయించుకోండి. ఆ మెయిల్‌లో ఇంకో వాక్యం కూడా ఉండాలి: ప్రాజెక్టులో అతను వేసే ఓటుకు మేనేజరు అనుమతి అక్కర్లేదని.